జక్రయ్య సార్ అంకెల డబ్బా

పాలలా తెల్లగా ఉండే కటింగ్ ఆయిల్ నీళ్లు మిషన్ కింద నాలుగు రోజులు నిలవ ఉంటే ఒక వాసన వస్తుంది. పులిసిన మజ్జిగలో ఇనుప రజను కలిపినట్టు ఉంటుంది. మొన్న కాటేదాన్‌లో ఒక షెడ్డులోకి అడుగు పెట్టగానే ఆ వాసన ముక్కుకు కొట్టింది. ఇనుము కోసే మిల్లింగ్ మిషన్ల దగ్గర ఉండే అంకెల డబ్బాలు, అంటే డిజిటల్ రీడౌట్లు బాగు చేయడం నా పని. సంచి భుజాన ఉండగానే మిషన్ దగ్గరికి పోతుంటే ఆపరేటర్ నవ్వుతూ, "మేడం, చెయ్యి పెడితే జర జుమ్మంటది. మామూలే, పరేషాన్ కాకుండ్రి" అన్నాడు.

మామూలేనట! ఆ మాట వింటే నాకు ఒళ్లు మండిపోతుంది. సంచి కింద పడేసి, గోడ దగ్గరికి పోయి మెయిన్ ఆపేశాను. షెడ్డంతా ఒక్కసారిగా చప్పబడింది. "ఏంది మేడం, అందరి పని ఆపిన్రు" అని ఎవరో గొణిగారు. గొణగనీ. గొణుగుళ్లకు జంకే మనిషిని కాను నేను. నన్నిలా తయారు చేసింది జక్రయ్య సార్. ఆయన ఇంటి వెనక షెడ్డులో ఇలాంటి డబ్బానే ఒకటి తప్పుడు అంకెలు చూపిస్తోందని మేమంతా దాన్ని నానా తిట్లూ తిట్టాం. ఆ ఇంట్లో ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చిందని అది మొత్తుకుంటోందని మాకేం తెలుసు? 

మాది మంఖాల్, వ్యవసాయం ఇల్లు. ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసి, పెళ్లయ్యాక శంషాబాద్ వచ్చాను. మా ఆయన గోడౌన్‌లో పనికి కుదిరాడు, నేను మెయిన్ రోడ్డు మీద టీవీలు బాగుచేసే దుకాణంలో కూర్చునేదాన్ని. కిరాయికి దొరికింది జక్రయ్య సార్ ఇంట్లో ముందు భాగం. వెనక భాగంలో ఆయన, ఆయన భార్య రూతమ్మ ఉండేవారు. ఇంకా వెనక రేకుల షెడ్డు, అందులో మిల్లింగ్ మిషన్. కాటేదాన్‌లోని ఒక కార్ఖానాలో ఇనుము కోస్తూనే వయసంతా గడిపిన మనిషి. రిటైరైన రోజున అందరూ శాలువాతో ఇంటికి పోతే, ఈయన కార్ఖానా వాళ్లు తీసేసిన పాత మిషన్‌ను ట్రాలీ ఎక్కించుకుని వచ్చారట. "శాలువా కప్పుకొని ఎండకాలం ఏం చేసుకోవాలె?" అని ఇప్పటికీ అడుగుతారని రూతమ్మ నవ్వేది. నేను ఆమెను పెద్దమ్మా అని పిలిచేదాన్ని.

సార్‌కు కోపం ముక్కు మీదే ఉండేది. మంచివారే, కానీ ఆయన దగ్గర మంచినీళ్లు తాగాలన్నా గ్లాసు సరిగ్గా పట్టుకోవాలి. వచ్చిన కొత్తలో ఒకసారి వాళ్ల టీవీ పాడైతే చూడమన్నారు. నేను వెనక మూత విప్పకుండానే, కాస్త తెలివి చూపిద్దామని, "కెపాసిటర్ పోయినట్టుంది సార్" అన్నాను. అంతే, ఒంటికాలి మీద లేచారు.

"చూసినవా?"

"లేదు సార్, అనుకుంటున్న."

"అనుకునుడు ఎవ్వనికన్న వస్తది. నువ్వు చూసింది చెప్పు, అనుకున్నది చెప్పకు. జోస్యం చెప్పనీకి నిన్ను పిలువలే."

నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. రూతమ్మ చాయ్ తెచ్చి, "మీ సారు గట్లనే ఒర్లుతడు బిడ్డా, చెవులకు తీస్కోకు" అంది. కానీ చెవులకు తీసుకున్నాను. ఆ తర్వాత దుకాణంలో ఏ టీవీ వచ్చినా ముందు విప్పి, చూసి, అప్పుడు నోరు తెరిచేదాన్ని. సాయంత్రాలు షెడ్డులోకి పోయి ఆయన పని చూస్తూ నిలబడడం అలవాటైంది. ఎందుకొచ్చావని ఆయన అడగలేదు, పొమ్మనీ అనలేదు. ఒకసారికి ఒక్కటే మార్చాలి, రెండు మార్చితే రోగం దేంట్లో ఉందో దేవునికి కూడా తెలియదు అనేవారు. అక్కడే నా అసలు చదువు జరిగింది.

ఆయన కళ్లలో పొర కమ్ముతోంది. మిషన్ చక్రాల మీద ఉండే సన్న కొలత గీతలు కనబడక, ఎన్ని కళ్లద్దాలు మార్చినా లాభం లేక, చివరికి అంకెల డబ్బా కొనుక్కొచ్చి మిషన్ పక్కన చెక్క పలకకు తానే బిగించుకున్నారు. మిషన్ బల్లకు అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి స్కేళ్లు ఉంటాయి. బల్ల వెంట్రుకవాసి జరిగినా ఆ స్కేళ్లు పసిగట్టి, డబ్బా మీద ఎర్రటి అంకెల్లో చూపిస్తాయి. షెడ్డులో కరెంటు ఊగుతుందని డబ్బాకు మాత్రం మా ముందింట్లోని ప్లగ్గు నుంచి వైరు లాగారు. పని అయ్యాక దాని మీద రూతమ్మ పాత చీర ముక్క కప్పేవారు. "పెండ్లినాడు నాకు గూడ గింత ముసుగు ఎయ్యలే" అని రూతమ్మ ఆటపట్టిస్తే, "నువ్వు కొలతలు చెప్పవు గద" అని సార్ జవాబు. ఆ మాట అప్పుడు నవ్వులాటకే అన్నారు.

2011 ఎండాకాలం. ఒకరోజు బల్ల కదలకుండా అంకెలు కదిలాయి. సార్ చెయ్యి చక్రం మీద లేదు, నేను చూస్తూనే ఉన్నాను. ఎర్ర అంకెలు ఒక్క ఎగురు ఎగిరి ఇంకోచోట నిలబడ్డాయి. నేను చెప్పేలోపే, అది చూసుకోక సార్ కోసిన ముక్క పనికిరాకుండా పోయింది. సార్ ముఖం చూడలేకపోయాను. కళ్లు పోతున్నాయని తెచ్చుకున్న డబ్బా కూడా మోసం చేస్తే ఆయనకు ఇక మిగిలేదేముంది?

పక్కింటి యాదగిరన్న గోడ మీద నుంచి తొంగిచూసి తీర్పు చెప్పేశాడు. "రాడార్, సార్! ఏర్‌పోర్టు రాడార్. మీ డబ్బా ఏం జేస్తది పాపం." ఆ రోజుల్లో మా గల్లీలో ఏది చెడినా ఏర్‌పోర్టు నెత్తినే. టీవీలో బొమ్మ వణికితే ఏర్‌పోర్టు, పెరుగు తోడుకోకపోతే ఏర్‌పోర్టు, పిల్లలకు దగ్గొస్తే ఏర్‌పోర్టు. యాదగిరన్న పాడి మీద బతికే మనిషి. వాళ్లింట్లో నీళ్లు లేవని సార్ తన బోరు నుంచి గోడ కింద ఇనుప పైపు వేసి, వాళ్ల బర్రె తాగే తొట్టి దాకా నీళ్లిచ్చారు. ఆ బర్రె కొన్నాళ్లుగా తొట్టి దగ్గరికి రానని మొండికేస్తోంది. మూతి పెట్టబోయి, బెదిరి వెనక్కి గుంజుకుంటోంది. దిష్టి తగిలిందని నిమ్మకాయలు తిప్పారు, విమానం చప్పుడుకు జడుసుకుందని చెవులకు గుడ్డ కట్టారు. బక్కెట్‌తో పెడితే మాత్రం గటగటా తాగేది. నాకు నవ్వొచ్చింది. 

సార్ మాత్రం రాడార్ మాట ఒప్పుకోలేదు. "రాడార్‌ను చూసినవా నువ్వు? అంకె ఎగిరింది చూసినం. అంతవరకే." రోజూ సాయంత్రం ఇద్దరం కూర్చున్నాం. అడ్డం స్కేలు తీగను నిలువు స్కేలుకు, దాన్ని దీనికి మార్చాం. స్కేలు చెడితే రోగం దాని వెంట పోవాలి, పోలేదు, రెండూ ఎగురుతున్నాయి. స్పిరిట్‌తో తుడిచాం. తీగ మార్చాం. ఒక్కొక్కటీ మార్చినప్పుడల్లా సార్ సున్నా కొట్టి, చేతులు వెనక్కి కట్టుకుని, డబ్బా వంక చూస్తూ నిలబడేవారు. ఎగరగానే ఇద్దరం ఉసూరుమనేవాళ్లం.

అలాంటి ఒక సాయంత్రం రూతమ్మ గిన్నెలు కడిగి, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. షెడ్డు గోడ బయటే నల్లా. "ఏమయ్యా, మల్ల గట్లనే ఉన్నది. నల్లా ముట్టుకుంటె జుమ్మంటున్నది. మోచెయ్యి దాక గుంజుతున్నది" అంది.

సార్ తల కూడా తిప్పలేదు. "నీకు నరాల బలహీనత. గోలీలు మింగుతున్నవా లేదా?"

"మింగుతున్న."

"మరింక? జర నయమైదాక ఓపిక వట్టు."

అప్పటికే దవాఖానకు తీసుకుపోయారట. డాక్టర్ వయసు అడిగి, నరాల గోలీలు రాసిచ్చాడట. ఆ గోలీల పట్టీ వంటింటి కిటికీలో నేనూ చూశాను. రూతమ్మ ఒక కర్ర సంపాదించుకుని, కూర్చుని, నల్లా పిడిని దాంతో తోసి తిప్పుకోవడం మొదలుపెట్టింది. నా భాగంలో నల్లాకు ప్లాస్టిక్ పైపు, అందుకే నాకు ఏ జుమ్మూ తెలియలేదు. నడుం నొప్పికి కర్ర పట్టిందేమో అనుకున్నాను. చూసింది చెప్పమనే మనిషి దగ్గరే చదువుకుంటూ అనుకుంటూ కూర్చున్నాను, ఏం చెప్పను!

ఆ వారంలోనే యాదగిరన్న బర్రె చచ్చిపోయింది. మిట్టమధ్యాహ్నం, దాహం ఆగక చివరికి తొట్టిలో మూతి పెట్టిందట, పెట్టిన చోటే కూలిపోయింది. యాదగిరన్న దాని మెడ కావలించుకుని ఏడుస్తుంటే చూసినవాళ్లందరికీ ఏడుపొచ్చింది. పైనుంచి ఆ టైముకే ఒక విమానం పోయింది. ఇంకేముంది, గుండె ఆగి చచ్చిందన్నారు. సార్ కూడా పోయి, యాదగిరన్న భుజం మీద చెయ్యేసి చాలాసేపు కూర్చుని వచ్చారు.

తర్వాతి ఆదివారం. వాళ్లు చర్చి నుంచి వచ్చి బట్టలు మార్చుకున్నారు. సార్ మిషన్ దగ్గర నిలబడి, ఏదో కర్రతో కటింగ్ ఆయిల్ తొట్టి కలుపుతున్నారు. నేను డబ్బా వంక చూస్తున్నాను. బోరు మోటరు ఆన్ చేయమని రూతమ్మ కేకేస్తే, స్టార్టర్ షెడ్డు గోడకే ఉంది కాబట్టి నేనే పచ్చ బటన్ నొక్కాను. అంకెలు ఎగిరాయి.

"సార్, మోటరు ఆన్ చేస్తే ఎగిరింది."

"చూసినవా, అనుకుంటున్నవా?"

"చూసిన."

"బంద్ చెయ్యి." చేశాను. అంకెలు దిగాయి. "ఆన్ చెయ్యి." ఎగిరాయి. సార్ కళ్లు మెరిశాయి. దొంగ దొరికాడన్న సంబరం ఇద్దరికీ. మోటరు నడుస్తుండగానే కరెంటు కొలిచే మీటర్ తీసి, దాని ఒక పుల్లను డబ్బా ఇనుప పెట్టెకు, ఇంకో పుల్లను మిషన్ బల్లకు ఆనించాను. డబ్బాకు ముందింటి ప్లగ్గులో ఎర్త్, మిషన్‌కు విడిగా ఎర్త్, రెంటి మధ్య సున్నా రావాలి. సున్నా కాదు, నూరు వోల్టులు దాటింది. మీటర్ పాడైందేమోనని ఇంకోసారి పెట్టాను. నూరు దాటింది.  మీటర్‌ను సార్ ముఖం ముందు పెట్టాను. అంత దగ్గరగా పెడితే ఆయనకు కనబడుతుంది.

ఆయన మిషన్ వంక చూశారు. మిషన్ ఎర్త్ తీగ వంక చూశారు. అది గోడ దాటి బోరుకే పోతుంది. ఆ బోరు నుంచే నల్లా పైపు. తర్వాత తన చేతిలోని కర్ర వంక చూశారు. అది రూతమ్మ కర్ర. కటింగ్ ఆయిల్ కలపడానికి పొద్దున ఆయనే నల్లా దగ్గర నుంచి తెచ్చుకున్నారు.

"రూతూ! నల్లా ముట్టకు!" అని అరిచారు. ఆ అరుపు నేను చచ్చేదాకా మరచిపోను. కానీ ఆ ఇంట్లో సార్ అరుపు కొత్త కాదు కదా! కిటికీలోంచి చూస్తే, రూతమ్మ కాళ్లకు చెప్పుల్లేకుండా నీళ్లలో కూర్చుని, చుట్టూ కర్ర కోసం వెతికి, కనబడక, ఉత్త చెయ్యి చాపుతోంది.  ఎర్ర బటన్ మీద అరచేత్తో గుద్దాను. మోటరు ఆగింది. ఆమె చెయ్యి నల్లా మీద పడింది.

చప్పుడు లేదు. రూతమ్మ నల్లా తిప్పింది, పైపులో మిగిలిన నీళ్లు వచ్చాయి. ఇటు తిరిగి నవ్వింది.

"సూడుండ్రి, ఇయ్యాల జుమ్మంటలేదు. గోలీలు పనిచేసినట్టున్నయి" అంది.

సార్ పోయి ఆమెను నల్లా దగ్గర నుంచి లేవదీశారు.

మోటరు పైకి తీయించాం. బోరు లోపల తీగ, ఇనుప కేసింగ్ పైపు అంచుకు రాసుకుని రాసుకుని, తోలు ఊడి రాగి బయటపడింది. ఆ కరెంటంతా కేసింగ్ లోకే పోతోంది. వానలప్పుడు నేల తడిగా ఉంటే మన్నే తాగేసేది, ఎండలకు నేల ఎండిపోయి పోయేదారి లేక నల్లాకు, మిషన్‌కు, తొట్టికి పాకింది. కేసింగ్‌కు ఎర్త్ తీగ కట్టింది ఎవరు? జక్రయ్య సారే. కింద అంతా బండ, ఎర్త్ గుంత తవ్వడం కష్టమని, "ఇంత లోతుకు పోయిన పైపు కంటే మంచి ఎర్త్ ఏడున్నది?" అని తన చేత్తో క్లాంపు బిగించారు. మా దిక్కు చాలామంది కట్టేది అలాగే. అంతటితో అయిపోతే బాగుండు. గల్లీలో ఎవరు బోరు వేసుకున్నా సార్‌నే అడిగారు, సార్ అందరికీ అదే చెప్పారు. ఏ ఇంట్లో కరెంటు ఎక్కడ కారినా ఆ తీగ గుండా నల్లాకే వస్తుంది.

ఇదంతా తేలేసరికి సాయంత్రమైంది. సార్ "నడువు" అని లేచి, నేరుగా యాదగిరన్న ఇంటికి పోయారు. వెనకే నేను, రూతమ్మ. నిలబడే చెప్పారు. "యాదగిరీ, నీ బర్రెను చంపింది విమానం గాదు, నేను. నేను కట్టిన తీగ, నేను ఏసిన పైపు."

యాదగిరన్న ముందు నవ్వబోయాడు. సార్ మొత్తం వివరంగా చెప్పేసరికి ముఖం మారిపోయింది. కొడతాడేమో అనుకున్నాను. కొట్టలేదు. తొట్టి వంక చూస్తూ, "మా పోరి రోజు బడికెళ్లి వచ్చి గా తొట్టి కాడనే కాళ్లు కడుక్కుంటది సార్" అన్నాడు. అని, ఆ మట్టిలోనే కూర్చుండిపోయాడు. సార్ కూడా అతని పక్కనే కూర్చున్నారు. జీవితంలో ఎవరి ముందూ తలవంచని మనిషి తల ఎత్తలేదు.

ఇంటికొచ్చాక రూతమ్మ అన్నం పెడితే సార్ ముట్టుకోలేదు. "నెల దినాల సంది చెప్తున్నవు గద రూతూ" అన్నారు.

"చెప్పిన."

"గట్టిగ ఎందుకు చెప్పలే మరి?"

"గట్టిగ చెప్తెనే గద దవాఖానకు తోల్కపోయి గోలీలు ఇప్పిచ్చినవు. ఇంక గట్టిగ చెప్తె ఏం ఇప్పిస్తవో అని ఊకున్న."

 సార్ నా వైపు తిరిగారు. "విన్నవా? చూసింది చెప్పు, అనుకున్నది చెప్పకు అని ఊరందరికి చెప్తి. ఈమె చూసిందే చెప్పింది. నేనే అనుకున్నది చెప్పిన. నరాలని. నోరులేని బర్రె గూడ చెప్పింది. పెండ్లాం చెప్తె వినలే, బర్రె చెప్తె వినలే, డబ్బా చెప్తె విన్న."  నాకు ఏడుపు ఆగలేదు.

మర్నాటి నుంచి ఎండలో ఇల్లిల్లూ తిరిగాం. కళ్లు సరిగ్గా కనబడవని సార్ నా భుజం పట్టుకునేవారు, రూతమ్మ గొడుగు పట్టేది. బోరు ఎక్కడని, మోటరు ఎక్కడని సార్ అడుగుతారనుకున్నాను. అడగలేదు. ఇంటి మగవాళ్లు ఎదురొచ్చి కుర్చీ వేస్తే వద్దని, లోపలికి చూసి, "అమ్మా, నల్లా ముట్టుకుంటె ఎట్లుంటది?" అని ఆడవాళ్లను అడిగేవారు. మొదటి ఇంట్లో ఏమీ లేదన్నారు. రెండో ఇంట్లో ఒకావిడ తడి చేతులతో గడపలోకి వచ్చి, భర్త వంక ఒకసారి చూసి, "జుమ్మంటది సార్. మస్తు దినాలాయె" అంది.

"ఎవలకన్న చెప్పినవా?"

"చెప్పిన. రగతం తక్కువున్నదన్నరు."

 ఆ గల్లీలో ఇంకా కొన్ని ఇళ్లలో అదే మాట. ఒకామె చెప్పులేసుకుని నీళ్లు పట్టుకుంటోంది. ఒకామె నల్లాకు గుడ్డ చుట్టింది. ఒక ముసలామె దేవుడు మందలిస్తున్నాడనుకుని దండం పెట్టుకుని ముట్టుకుంటోంది. వాళ్లందరికీ తెలుసు, అందరూ చెప్పారు. ప్రతి ఇంట్లోనూ సార్ చేతులు జోడించి, "తప్పు చెప్పింది నేను, నా మాట విని కట్టిన్రు" అని, నిలబడి క్లాంపు విప్పించారు. తర్వాత బండలు పగలగొట్టించి, బొగ్గు, ఉప్పు పోసి, అందరికీ ఎర్త్ గుంతలు తవ్వించారు. గుంత తడారితే ఎర్త్ పనిచేయదని, మా ఇంటి గుంతలో ప్రతి ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఒక బిందె నీళ్లు సారే స్వయంగా పోసేవారు. రూతమ్మను పోయనివ్వలేదు.

డబ్బాలో అంకెలు మళ్లీ ఎప్పుడూ ఎగరలేదు. సార్ 2014లో పోయారు. చివరి రోజుల్లో కళ్లు పూర్తిగా పోయాక, నేను అంకెలు చదువుతుంటే ఆయన చక్రం తిప్పేవారు. ఇప్పుడా డబ్బా నా దగ్గరుంది, చీర ముక్కతో సహా. రూతమ్మే ఇచ్చింది.

మొన్న కాటేదాన్ షెడ్డులో మెయిన్ ఆపాక, యజమాని పరుగున వచ్చి, డబ్బాలో అంకెలు ఎందుకు ఎగురుతున్నాయో తనకు తోచింది చెప్పడం మొదలుపెట్టాడు. ఆపరేటర్ తనకు తోచింది చెప్పాడు. నేను చుట్టూ చూశాను. మిషన్ వెనక ఒకామె ఇనుప రజను ఊడుస్తోంది. కుడి చేతికి సైకిల్ ట్యూబు ముక్క చుట్టుకుని ఉంది. వాళ్లిద్దరినీ వదిలేసి ఆమె దగ్గరికి పోయి, "అక్కా, మిషన్ ముట్టుకుంటె ఎట్లుంటది?" అని అడిగాను.

ఆమె ముందు యజమాని వంక చూసింది. తర్వాత చేతికున్న ట్యూబు వంక చూసుకుంది.

"నేను చెప్పిన మేడం" అంది. "ఎవ్వలు వినలే."

"నేను వింటా. ఏడ ముట్టుకుంటె? ఎప్పటి సంది? మొత్తం చెప్పు" అని, ఆమె పక్కన కూర్చున్నాను.